గురి కుదిరింది, బాణం కుదరలేదు: వేట విల్లును శ్రుతి చేయడం వెనుక ఉన్న లెక్క

సంక్షిప్తంగా: కొత్తగా కాంపౌండ్ విల్లు, అంటే గిలకల విల్లు కొన్నవారి ఫిర్యాదు దాదాపు ఒకేలా ఉంటుంది. పది బాణాలు వేస్తే ఆరేడు ఒకచోట పడతాయి, మిగిలినవి చెల్లాచెదురవుతాయి. వెంటనే చేతులు గురి చూసే పరికరమైన సైట్ స్క్రూల మీదికి పోతాయి. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. నారి ఇచ్చే తోపు బాణం నిడివి వెంట సూటిగా పోతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నారిపై బాణం తోకను పట్టుకునే చోటు (నాక్ స్థానం), బాణాన్ని మోసే రెస్ట్, బాణం వంగే గుణం అనే మూడింటి పొందికే దానికి జవాబు.

అడవి కోసం పుట్టి మైదానానికి వచ్చింది

గిలకల విల్లును తయారుచేసింది అమెరికాలోని మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ అలెన్. ఆయన వేటగాడు. బాణం మరింత వేగంగా పోవాలన్న కోరికతో చేసిన ఆ విల్లుకు 1966లో దరఖాస్తు పెట్టుకోగా 1969లో పేటెంటు వచ్చింది. తర్వాత అది క్రీడగా మారింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని తొలిసారి చేర్చారు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో కూడా పిల్లలు విల్లు కావాలని అడగడానికి ఈ రెండు కారణాలు చాలు.

చిక్కు కొనేటప్పుడే మొదలవుతుంది. పోటీ విల్లు పొడవుగా, ఖరీదుగా ఉంటుంది. వేట విల్లు పొట్టిగా, ఆకుల రంగు పూతతో, కొంత చవకగా దొరుకుతుంది. పెట్టెలో వచ్చే సూచనల పుస్తకమేమో అమెరికా జింకల వేటగాడి కోసం రాసింది. అందులోని మాటలు పట్టుకుని విజయనగరం విజ్జీ స్టేడియం గట్టు మీదో, ఊరి చివరి తోటలోనో విల్లును సరిచేసుకోవాలనుకుంటే అయోమయం తప్పదు.

చట్టం సంగతి మాత్రం స్పష్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తుపాకీకీ విల్లుకూ తేడా చూడదు. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి తిరిగినా, కొండవాలు చేలల్లో అడవిపందులు పడినా ఎవరికివారు విల్లు ఎత్తే వీలు లేదు. తప్పనిసరి పరిస్థితుల్లో అనుమతి ఇవ్వాల్సింది రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి, లేదా చట్టప్రకారం అధికారం పొందిన అధికారి. కాబట్టి ఇక్కడ వేట విల్లు అన్నది దాని తయారీని బట్టి వచ్చిన పేరే; దాని ముందు ఉండేది గడ్డితోనో ఫోముతోనో చేసిన లక్ష్యం.

బిరడా తిప్పినంత మాత్రాన మెట్లు కదలవు

విల్లును సరిచేయడాన్ని ఇంగ్లిష్‌లో ట్యూనింగ్ అంటారు. తెలుగులో శ్రుతి చేయడం అనవచ్చు, ఆ పోలిక ఊరికే పోదు కూడా. బొబ్బిలి వీణకు పనస చెక్క దండి మీద మైనంలో మెట్లు కూర్చుతారు. మెట్టు ఒక వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటే, బిరడా ఎంత తిప్పి తీగను శ్రుతిలో పెట్టినా ఆ స్వరం పక్కకే పలుకుతుంది. వింటి మీద సైట్ బిరడా లాంటిది. నాక్, రెస్ట్, బాణం మెట్ల లాంటివి.

సైట్ ఉన్నది ప్రధానంగా భూమ్యాకర్షణ కోసం. సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయే బాణం 20 మీటర్ల దూరం చేరేలోపు సుమారు అర మీటరు కిందికి జారుతుంది. వేగం 85 మీటర్లయితే జారుడు 27 సెంటీమీటర్లకు తగ్గుతుంది. దూరాన్ని బట్టి ఆ జారుడును సర్దేది సైట్. అది బాణాల గుంపును మొత్తంగా పైకి, కిందికి, పక్కకు జరపగలదు. గుంపును చిన్నది చేయలేదు. బాణాలన్నీ అరచేతి వెడల్పులో పడుతూ లక్ష్యానికి జానెడు ఎడంగా ఉంటే స్క్రూ తిప్పడం సరైన పనే. చెల్లాచెదురుగా పడుతుంటే స్క్రూ తిప్పడం వల్ల చెదరడం మరోచోటికి మారుతుంది, అంతే.

ఎంత చిన్న తప్పు లెక్కకు వస్తుందో చూడాలంటే పోటీ కొలతలు చాలు. కాంపౌండ్ పోటీలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పది పాయింట్ల వలయం అడ్డుకొలత 8 సెంటీమీటర్లు. నడిమధ్యకు గురిపెట్టిన బాణం ఆ వలయం దాటడానికి డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడా సరిపోతుంది.

వంగని బాణం తగలదు

బాణం నిటారుగా ఉండే పుల్ల, నారి తోస్తే సూటిగా పోతుంది అన్నది చాలామంది ఊహ. నిజానికి అది వంగుతూ, చేపలా ఒళ్లు విరుచుకుంటూ పోతుంది.

పాతకాలపు విల్లును ఒకసారి ఊహించుకుంటే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. విల్లు నడుమ భాగానికి మందం ఉంటుంది. బాణం దాని పక్కన ఆనుతుంది. నారి మాత్రం విల్లు మధ్యగీత వైపే తిరిగి వస్తుంది. అంటే నారి వదిలిన క్షణానికి, విల్లు దగ్గరికి చేరే క్షణానికి మధ్య బాణం తోక ముందుకు రావడమే కాదు, పక్కకూ తిరగాలి. ఆ లెక్కన బాణం పక్కకు పోవాలి. కానీ మంచి బాణం గురి చూసిన చోటికే పోతుంది. ఈ వింతకు 1930ల్లో అమెరికాలో 'విలుకాడి విరోధాభాస' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అదే దశాబ్దంలో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త అతివేగ కెమెరాతో చిత్రీకరించి గుట్టు విప్పాడు. వెనుక నుంచి ఒక్కసారిగా తోపు పడగానే బాణం నడుము మొదట విల్లు వైపు వంగుతుంది, వెంటనే అవతలి వైపుకు వంగుతుంది. తోక విల్లును దాటే సమయానికి నడుము మళ్లీ విల్లు వైపుకు తిరుగుతుంది కనుక తోక దూరంగా జరిగి, ఈకలు విల్లుకు తగలకుండా బయటపడతాయి. ఇదంతా సెకనులో అరవయ్యో, డెబ్బయ్యో వంతులో జరిగిపోతుంది.

ఆ ఊపు, విల్లు తోపు ఒకదానికొకటి కుదరాలి. బాణం మరీ బిర్రుగా ఉంటే వంగడం చాలక ఈకలు విల్లుకు రాసుకుంటాయి. మరీ మెత్తనైతే ఎక్కువగా వంగి, గాలిలో చాలాదూరం ఊగుతూనే పోతుంది.

తూర్పు కనుమల్లోని సవర గూడేల వెదురు విల్లుకు ఒక్క స్క్రూ లేదు. మధ్య, తూర్పు భారత గిరిజన విళ్లకు చాలాచోట్ల నారి కూడా చీల్చిన వెదురు బద్దే. అలాంటి వింటిలో సవరించడానికి ఏమీ ఉండదు. కనుక సవరణ అంతా బాణంలోనే జరగాలి. వెదురు పుల్లను నిప్పు సెగకు చూపించి వంకర తీయడం, కంటికి ఆనించి చూడడం, రెండు చేతుల మధ్య వంచి బిగువు తెలుసుకోవడం, విల్లుకు పొసగని దాన్ని పక్కన పడేయడం. ప్రయోగశాల కొలతలు చేసేదీ ఇదే పని. పద్ధతిలో ఉన్న తేడా ఒక్కటే: గూడెంలో విల్లుకు తగిన బాణాన్ని వెతుకుతారు, కాంపౌండ్ విల్లు చేతిలో ఉన్నవారు బాణానికి తగినట్టు విల్లును కూడా జరపగలరు. ఈ రెండో సౌకర్యమే కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది. జరపడానికి వీలున్నవన్నీ ఒకేసారి జరిపేస్తారు.

కాంపౌండ్ విల్లు నడిమి భాగాన్ని మధ్యగీత దాటేదాకా లోపలికి చెక్కుతారు. బాణం పక్కన కాక మధ్యగీత మీదే ఆనుతుంది. వేళ్లతో కాక చిన్న మీట ఉన్న రిలీజ్ పరికరంతో నారి వదులుతారు కనుక పక్కల ఊగులాట తగ్గి, పైకీ కిందికీ ఊగడం ప్రధానమవుతుంది. విరోధాభాస పోలేదు, దిక్కు మార్చుకుంది.

బాణం మీద ఉన్న అంకె

కార్బన్ బాణం మీద 340, 400, 500 వంటి అంకె ఉంటుంది. అది స్పైన్. బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 1.94 పౌండ్ల, అంటే 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అది అంగుళంలో ఎన్ని వెయ్యోవంతులు కుంగితే అంత స్పైన్. అర అంగుళం కుంగితే 500. అంకె పెద్దదయ్యేకొద్దీ బాణం మెత్తన. దుకాణంలో పెద్ద అంకె చూసి గట్టి బాణమనుకుని కొనేవారు తక్కువేమీ కాదు.

ఆ అంకె కదలని బాణానిది. వదిలిన బాణం తీరు వేరు. విల్లు లాగుడు బలం పెంచితే అదే బాణం మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. ములికి బరువు పెంచినా అంతే. పుల్లను అంగుళం కోస్తే బిర్రవుతుంది. కాబట్టి 40 పౌండ్ల వింటికి కుదిరిన బాణం, ఆరు నెలల తర్వాత లాగుడు 55 పౌండ్లకు పెంచినప్పుడు కుదరకపోవడంలో వింత లేదు. బరువులెత్తడానికి పేరుపడ్డ కొండవెలగాడ ఉన్న జిల్లాలో 60 పౌండ్లు, అంటే 27 కిలోల లాగుడు పెద్ద లెక్క కాకపోవచ్చు. పైగా కోడిగుడ్డులా వంకర తిరిగిన గిలకలు పూర్తిగా లాగాక ఆ బరువులో 80 శాతం దాకా మింగేస్తాయి, చేతికి మిగిలేది ఐదున్నర కిలోలే. అయినా ప్రతి పౌండు పెంపుతోనూ స్పైన్ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

మరీ తేలికైన బాణం ప్రమాదం కూడా. లాగుడులో ప్రతి పౌండుకు కనీసం 5 గ్రెయిన్ల బరువు ఉండాలన్నది తయారీదారుల మామూలు హద్దు. 60 పౌండ్ల వింటికి అది 300 గ్రెయిన్లు, కంసాలి త్రాసులో సుమారు 19.5 గ్రాములు. అంతకన్నా తేలికైతే శక్తి బాణంలోకి పోక వింటి లింబుల్లోకే, అంటే వంగే రెండు కొమ్మల్లోకే తిరిగి కొడుతుంది. బాణమే లేకుండా నారి వదిలితే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు: నారి తెగవచ్చు, లింబులు పగలవచ్చు, ముక్కలు ముఖానికి తగలవచ్చు.

కాగితం మీద చిరుగు

కంటికి కనిపించని ఈ ఊగులాటను చూపించే అతి చవకైన పరికరం పాత దినపత్రిక. నాలుగు బద్దలతో చట్రం కట్టి, ఒక పేజీని బిగుతుగా అతికిస్తారు. విలుకాడు దానికి రెండు మీటర్ల దూరంలో నిలబడతాడు. కాగితానికి మీటరున్నర వెనుక బాణాన్ని ఆపే లక్ష్యం ఉంటుంది. బాణం నేలకు సమాంతరంగా, భుజం ఎత్తులో కాగితాన్ని చీల్చుకుపోవాలి.

తర్వాత ఆ చిరుగును వేలితో తడిమి చూడాలి. ములికి దూరిన చోట గుండ్రటి చిల్లు ఉంటుంది. మూడు ఈకలు దాటిన చోట మూడు సన్నటి చీలికలు ఉంటాయి. చీలికలు చిల్లు చుట్టూ మూడు దిక్కులా సమంగా విచ్చుకుని ఉంటే బాణం తోక ములికి వెనుకే పోయిందని అర్థం. చిల్లు కిందా, చీలికలు రెండు సెంటీమీటర్లు పైనా ఉండి మధ్యలో పొడవాటి చిరుగు ఉంటే, తోక ఎత్తుకుని పోయింది. నారి మీద తోకను పట్టే నాక్ స్థానం ఎక్కువ ఎత్తులో ఉందన్నమాట. దాన్ని ఒకటిన్నర మిల్లీమీటరు దించి మళ్లీ మూడు బాణాలు వేయాలి. తోక కిందికి పోతే పైకి జరపాలి. మొదలుపెట్టేటప్పుడు వడ్రంగి మూలమట్టంతో చూసినట్టు నారికి లంబంగానో, దానికి రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తులోనో నాక్ పెట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక మోసం ఉంది, చాలామంది వారాల తరబడి ఇందులోనే చిక్కుకుంటారు. నాక్ దించుతూ పోయినా తోక ఎత్తు చిరుగు పోదు. కారణం నాక్ ఎత్తుగా ఉండడం కాదు, మరీ తక్కువగా ఉండడం కావచ్చు. అప్పుడు బాణం రెస్ట్‌ను గుద్దుకుని పైకి ఎగురుతుంది, కాగితం మీద అదే గుర్తు పడుతుంది. లేదంటే ఈక రెస్ట్‌కు రాసుకుంటూ ఉండవచ్చు. ముఖానికి రాసుకునే పౌడర్‌ను రెస్ట్ మీద, పక్క భాగాల మీద పలుచగా చల్లి ఒక బాణం వేస్తే గుట్టు బయటపడుతుంది. పౌడర్ చెరిగిన చోట ఈక తగిలింది. బాణం తోకకు ఉండే నాక్‌ను, అంటే నారి ఇరికే గాడిని కొద్దిగా తిప్పితే ఈక ఆ దారి తప్పుకుంటుంది. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పట్టదు. దీన్ని చేయకుండా నాక్ స్థానం మార్చుతూ కూర్చోవడం అనవసర శ్రమ.

చిరుగు పక్కలకు ఉంటే కథ కాస్త పొడుగు. రెస్ట్‌ను అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు చొప్పున జరిపి చూస్తారు. దానికీ లొంగకపోతే స్పైన్‌ను అనుమానించాలి. ఆ తర్వాత గిలకలు పక్కకు ఒరిగాయేమో చూడాలి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది చేతిని. విల్లును పిడికిలి బిగించి పట్టుకుంటే వదిలిన క్షణంలో అది మెలితిరుగుతుంది, కాగితం ఆ మెలికను విల్లు తప్పుగా చూపిస్తుంది. అదే వింటితో, అదే బాణంతో అనుభవం ఉన్న మరొకరు వేసినప్పుడు చిరుగు మాయమైతే విల్లును ముట్టుకోనక్కర్లేదు.

ఈకలు దాచేది

కాగితం రెండు మీటర్ల దగ్గర జరిగేది మాత్రమే చెబుతుంది. ఆపైన ఈకలు పని మొదలుపెడతాయి. తోక పక్కకు పోతే గాలి వాటిని వెనక్కి నెట్టి దారిలో పెడుతుంది. ఇరవై మీటర్లకు చేరేసరికి తప్పు చాలావరకు కప్పబడిపోతుంది. అందుకే ఈకలు లేని బాణాలతో మరో పరీక్ష. 18, 20 మీటర్ల నుంచి ఈకలున్నవి మూడు, ఈకలు తీసినవి రెండు వేస్తారు. మిగతా బరువు, పొడవు సమానంగా ఉండాలి. ఈకలు లేనివి గుంపు కన్నా పైన పడితే నాక్ తక్కువ ఎత్తులో ఉన్నట్టు, కింద పడితే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. కుడిచేతి విలుకాడికి అవి కుడి పక్కకు పోతే బాణం మెత్తన, ఎడమకు పోతే బిర్రు. ఎడమచేతివారికి ఇది తిరగబడుతుంది.

వేట ములికి విషయంలో సూచనల పుస్తకాలు అన్ని పేజీలు ఎందుకు ఖర్చుచేస్తాయో దీన్నిబట్టి తెలుస్తుంది. వెడల్పాటి అంచులున్న ములికి ముందువైపు మరో జత రెక్కల్లా పనిచేస్తుంది. బాణం ఏమాత్రం ఏటవాలుగా బయలుదేరినా గాలి ఆ అంచులను పట్టుకుని ఇంకా పక్కకు లాగుతుంది. వెనుక ఈకలు ఒకవైపు, ముందు ములికి మరోవైపు లాగడంతో, మామూలు సూది ములికితో బాగా పోయిన బాణం దీనితో జానెడు ఎడంగా పడుతుంది. సరిచేసే సూత్రం చిన్నదే: వేట ములికి గుంపు ఏ వైపుకు రావాలో రెస్ట్‌ను ఆ వైపుకే, వెంట్రుకవాసిగా జరపాలి. మన దగ్గర ఆ ములికితో పని లేదు. పోటీల్లో దానికి అనుమతి లేదు, సాధన మైదానంలో లక్ష్యాన్ని చీల్చి పాడుచేస్తుంది. ఈకలు లేని బాణం అదే నిజాన్ని పైసా ఖర్చు లేకుండా చెబుతుంది.

వరుస

రెండు గిలకలు ఒకేసారి తిరుగుతున్నాయా అన్నది మొదట చూడాలి. ఒకటి ముందుగా తన ఆనిక చేరితే నారి నిటారుగా కాక ఏటవాలుగా వస్తుంది, అప్పుడు నాక్ ఎక్కడ పెట్టినా నిలవదు. దీన్ని సరిచేయడానికి విల్లును నొక్కిపట్టే ప్రెస్ కావాలి. సైకిల్ దుకాణంలో చేయించే పని కాదిది. తర్వాత నాక్ ఎత్తు, ఆపైన రెస్ట్, ఆపైన ఈకలు లేని బాణం. సైట్ చిట్టచివరిది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ మూడు బాణాలకు తక్కువ కాకుండా వేయాలి.

ఎండ, తేమ, నారి

కొత్త నారి మొదటి వంద, రెండు వందల బాణాల్లో కొద్దిగా సాగుతుంది. ఇది వలతాళ్లలో వాడే పాలిథిలీన్ కుటుంబానికే చెందిన బలమైన దారం. బరువు మీద ఉండగా వేడి తగిలితే నెమ్మదిగా సాగడం దాని గుణం. మే నెల మధ్యాహ్నం శ్రీకాకుళంలో తలుపులు మూసిన కారులో విల్లు వదిలిపెడితే, నిన్న కుదిరిన గిలకల జత ఇవాళ కుదరకపోవచ్చు. పక్షి ఈకలు కట్టిన బాణాలైతే వానకు తడిసి అణిగిపోతాయి. ప్లాస్టిక్ ఈకలకు ఆ బెడద లేదు కానీ అవి రెస్ట్‌కు తగిలితే పక్షి ఈకల్లా ఒదగవు.

అందుకే అంతా కుదిరిన రోజునే నారి మీద నాక్ పైనా కిందా, గిలక అంచు మీద నారి దాటే చోటా తెల్ల పెన్నుతో గీత పెట్టుకుంటారు. రెండు గిలకల ఇరుసుల మధ్య దూరం, నారికీ పట్టుకునే చోటుకూ మధ్య దూరం మిల్లీమీటర్లలో రాసిపెట్టుకుంటారు. వెదురు విల్లుకు వేరే బాధ: ఎప్పుడూ వంచి ఉంచితే ఆ వంపుకే అలవాటుపడి బలం పోతుంది. అందుకే పని లేనప్పుడు నారిని ఒక కొప్పు నుంచి తప్పించి విల్లును గోడకు ఆనిస్తారు. గిలకల వింటికి ఆ విశ్రాంతి లేదు. దాని నారి రాత్రీ పగలూ బిగిసే ఉంటుంది, తెల్ల గీత జరిగిందేమో చూసే పని మైదానానికి వెళ్లిన ప్రతి ఉదయమూ ఉంటుంది.